మెయిల్-ఇన్ రిబేటు: అమెరికా కంప్యూటర్ విడిభాగాల బజారులో

మెయిల్-ఇన్ రిబేటు అంటే కొనేటప్పుడు పూర్తి ధర కట్టించుకుని, ఆ తర్వాత కొన్నవారు ఫారం నింపి, రశీదూ పెట్టె మీది బార్‌కోడూ జతచేసి పోస్టులో పంపితే, కొన్ని వారాలకు కొంత సొమ్ము చెక్కు రూపంలో తిప్పి పంపే అమ్మకపు పద్ధతి. అమెరికాలో 1990ల చివరి నుంచి దాదాపు పుష్కరకాలం పాటు కంప్యూటర్ విడిభాగాల చిల్లర వ్యాపారం దీని మీదే నడిచిందన్నా పెద్ద అతిశయోక్తి కాదు. హార్డ్ డిస్కులు, ర్యామ్, మదర్‌బోర్డులు, గ్రాఫిక్స్ కార్డులు, పవర్ సప్లైలు, సీడీ రైటర్లు, యాభై చొప్పున స్పిండిల్‌కు గుచ్చి అమ్మే ఖాళీ సీడీలు, అన్నిటికీ ఏదో ఒక వారం రిబేటు తగులుకునేది. ఆదివారం దినపత్రికతో వచ్చే రంగుల ప్రకటనల్లో కొట్టొచ్చినట్టు కనిపించే ధర రిబేటు పోగా మిగిలేది. కౌంటర్ దగ్గర నిజంగా కట్టవలసింది దాని కింద చీమతలకాయంత అక్షరాల్లో ఉండేది.

తెలుగునాట రిబేటు అంటే ఆప్కోలోనో ఖాదీ భండార్‌లోనో బిల్లు రాసేటప్పుడే తగ్గించేది. గాంధీ జయంతి రిబేటు కోసం ఎవరూ ఎక్కడికీ ఉత్తరం రాయనక్కర్లేదు. అమెరికా కంప్యూటర్ దుకాణాల రిబేటు మాత్రం కొన్నవాడి చేత పని చేయిస్తుంది. ఆ పని చాలామంది చెయ్యరన్న నమ్మకం మీదే దాని లెక్కంతా నిలబడుతుంది. అందుచేత దీనిలోని చిక్కులను పద్ధతి లోపాలుగా కాక, ధరలో ఒక భాగంగా చూడటమే సబబు.

పుట్టుక

పద్ధతి కంప్యూటర్ల కంటే పాతది. డబ్బా మూతో లేబులో కత్తిరించి పంపితే చిల్లరో బహుమతో పంపే అలవాటు అమెరికా కిరాణా సరుకుల కంపెనీలకు ఎప్పటి నుంచో ఉంది. పెద్ద సొమ్ముతో, దేశమంతా తెలిసేలా రిబేటును రంగం మీదికి తెచ్చింది కార్ల పరిశ్రమ. 1975 జనవరిలో, అమ్ముడుపోని కార్లు గుట్టలుగా పేరుకుపోయిన క్రైస్లర్ కంపెనీ, కారు కొంటే 200 నుంచి 400 డాలర్ల దాకా చెక్కు ఇస్తామని టీవీలో చాటింది. వారాలు తిరక్కుండా ఫోర్డ్, జనరల్ మోటార్స్ కూడా అదే బాట పట్టాయి. ధర తగ్గించామని ఒప్పుకోకుండానే ధర తగ్గించే ఉపాయం వ్యాపారులకు అలా ఒంటబట్టింది.

విడిభాగాల వ్యాపారానికి ఈ ఉపాయం మరీ బాగా అతికింది. ఈ సరుకు ధర నిలకడగా ఉండదు. కొత్త మోడల్ రాగానే అరల్లో ఉన్న పాతదాని విలువ పడిపోతుంది. తయారీ కంపెనీ టోకు ధర తగ్గిస్తే, అప్పటికే పాత ధరకు సరుకు దించుకున్న దుకాణాలకు తేడా భర్తీ చెయ్యవలసి వస్తుంది. పైగా ఆ తగ్గింపును దుకాణదారుడు కొనేవాడికి అందిస్తాడన్న భరోసా కూడా లేదు. రిబేటులో ఈ గొడవ లేదు. టోకు ధర కదలదు. తేదీలు వేసి రెండు వారాలు నడిపి ఆపెయ్యొచ్చు. అమ్ముడైన పెట్టెకే, అందులోనూ ఫారం పంపినవాడికే డబ్బు వెళుతుంది. అది కూడా రెండు మూడు నెలల తర్వాత. ఈలోగా సొమ్ము కంపెనీ దగ్గరే ఉంటుంది.

మార్కెటింగ్ శాస్త్రజ్ఞులు దీనికి సిద్ధాంతం కూడా చెప్పారు. చక్రవర్తి నరసింహన్ 1984లో ‘మార్కెటింగ్ సైన్స్’ పత్రికలో కూపన్ల గురించి రాసిన వ్యాసం ఈ రంగంలో తరచూ ఉదాహరించేది. తీరిక, ఓపిక ఉండి పైసా పైసా చూసుకునేవారికి ఒక ధర, అవి లేనివారికి ఇంకో ధర వసూలు చేసే సాధనం కూపన్ అని దాని సారాంశం. రిబేటుకూ అది వర్తిస్తుంది. అయితే కూపన్‌కు లేని గుణం ఒకటి రిబేటుకు ఉంది. కూపన్ చేతిలో లేనివాడు పూర్తి ధర అని తెలిసే కొంటాడు. రిబేటు చూసి కొన్నవాడు తగ్గింపు ధరకు కొన్నాననుకుంటాడు, ఆనక ఫారం పంపడు. ఇలా ఎందుకవుతుందో దిలీప్ సోమన్ 1998లో ‘జర్నల్ ఆఫ్ మార్కెటింగ్ రీసెర్చ్’లో పరిశీలించాడు. డబ్బూ శ్రమా రెండూ తర్వాతికి వాయిదా పడినప్పుడు, కొనే ఘడియలో మనిషికి డబ్బు కనిపించినంతగా శ్రమ కనిపించదు. పని చెయ్యవలసిన రోజు వచ్చాక అదే శ్రమ కొండంత అవుతుంది.

కత్తెర, కవరు, నకలు

రిబేటు అడగడానికి కావలసినవి చూడటానికి నాలుగే: నింపిన ఫారం, రశీదు, పెట్టె మీది అసలు బార్‌కోడు, గడువులోపు పోస్టు ముద్ర. ఈ నాలుగింటిలో ప్రతిదానికీ ఒక మెలిక ఉండేది.

ఫారం దుకాణంలో బిల్లుతో పాటు పొడవాటి చీటీగా వచ్చేది, లేదా కంపెనీ సైటులోంచి ప్రింటు తీసుకోవలసి ఉండేది. పేరు, చిరునామా అచ్చు అక్షరాల్లో రాయాలి. చేతిరాత చదవలేక డేటా ఎంట్రీ మనిషి ఒక అంకె తప్పు కొడితే చెక్కు పక్క ఊరికి పోతుంది. చిరునామాగా పోస్టుబాక్సు ఇస్తే చాలా ఫారాలు ఒప్పుకునేవి కావు. రశీదు మీద కొన్న తేదీ, వస్తువు, ధర మూడింటికీ సున్నాలు చుట్టమనేవారు. థర్మల్ కాగితం మీది అక్షరాలు వెలిసిపోతాయి కాబట్టి ఇంటికి రాగానే నకలు తీసి పెట్టుకోవడం అనుభవజ్ఞుల అలవాటు. ఆన్‌లైన్‌లో కొంటే ఇంకో పేచీ. ఆర్డర్ ఇచ్చిన రోజు, బిల్లు వేసిన రోజు, సరుకు బయల్దేరిన రోజు వేరువేరు. రిబేటు నెలాఖరుతో ముగిసేదైతే వాటిలో ఏది లెక్కకు వస్తుందన్నది ఫారం అడుగున చిన్న అక్షరాల్లో వెతుక్కోవాలి.

అసలు తంటా బార్‌కోడుది. పన్నెండు అంకెల యూపీసీ ముద్ర పెట్టెలోంచి కత్తిరించి అసలుదే పంపాలి, నకలు చెల్లదు. హార్డ్ డిస్కు పెట్టెదైతే మామూలు కత్తెర సరిపోతుంది. మదర్‌బోర్డు వచ్చే దళసరి అట్టకు, ర్యామ్ పెట్టే గట్టి ప్లాస్టిక్ తొడుగుకు చాకు పట్టాల్సిందే. కొన్ని కంపెనీలు బార్‌కోడుతో పాటు సీరియల్ నంబరు చీటీ కూడా అడిగేవి. ఆ రెండూ పెట్టెకు చెరో పక్క ఉంటే పెట్టె రూపురేఖలే పోయేవి. పక్కనే వేరే బార్‌కోడు ఏదైనా ఉంటే, దాన్ని కత్తిరించి పంపినవాడి దరఖాస్తు నేరుగా చెత్తబుట్టకే.

బార్‌కోడు కత్తిరించిన పెట్టెను దుకాణం తిరిగి తీసుకోదు. అందులోనే తిరకాసంతా ఉంది. విడిభాగాల్లో పెట్టె విప్పేసరికే పనిచెయ్యనివి, బిగించాక నాలుగు రోజులకు మొరాయించేవి ఉండటం సహజం. ఒక మదర్‌బోర్డు కొంటే ప్రాసెసర్, ర్యామ్, పవర్ సప్లై అన్నీ చేతికి వచ్చాక గాని అది బాగుందో లేదో తేలదు. రిబేటు గడువు చాలాసార్లు కొన్న రోజు నుంచి 14 రోజులో 30 రోజులో. గడువు దాటకుండా బార్‌కోడు కోస్తే వాపసు హక్కు పోతుంది, కొయ్యకుండా పరీక్షిస్తూ కూర్చుంటే రిబేటు పోతుంది. ఈ నిబంధన ఉత్తపుణ్యానికి పెట్టిందని మాత్రం అనలేం. కోత లేకపోతే రిబేటు తీసుకుని సరుకు కూడా వాపసు చేసేవాళ్లు, ఒకే కొనుగోలు మీద పది పేర్లతో దరఖాస్తు చేసేవాళ్లు తయారయ్యేవారు. కంపెనీలకు ఆ భయం ఊరికే పుట్టలేదు. అయితే మోసగాడి కోసం వేసిన ముళ్లకంచె ఎక్కువగా గీరుకున్నది నిజాయితీగా కొన్నవాడికే.

ఒకే పెట్టె మీద రెండు రిబేట్లు, అంటే తయారీదారుది ఒకటి, దుకాణానిది ఒకటి, ఉన్నప్పుడు చిక్కు ఇంకాస్త ముదిరేది. పెట్టెకు ఉన్నది ఒక్కటే బార్‌కోడు. ఏ కవరులో అసలుది పెట్టాలో, ఏ కవరులో నకలు చెల్లుతుందో రెండు ఫారాలూ పక్కపక్కన పెట్టుకుని చదివితే గాని తేలదు. రెండూ ఒకే కవరులో పంపితే రెండూ పోతాయి.

పోస్టు ఖర్చు చిన్నదే. 2002 మధ్య నుంచి 2005 చివరి దాకా మామూలు ఉత్తరానికి 37 సెంట్ల స్టాంపు. కానీ చాలా రాష్ట్రాల్లో అమ్మకపు పన్ను తయారీదారు రిబేటు తీసెయ్యక ముందు ధర మీద పడుతుంది. డల్లాస్‌లో 8.25 శాతం లెక్కన, రిబేటు పోగా 50 డాలర్లకు వచ్చే 100 డాలర్ల వస్తువుకు పన్ను 8 డాలర్ల 25 సెంట్లు. ‘రిబేటు పోగా ఉచితం’ అని రాసిన వస్తువుకైనా పన్ను ఉచితం కాదు.

ఎదురుచూపు

చెక్కు రావడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుందని ఫారం మీదే రాసేవారు. అప్పటికి కొన్నవాడు దాన్ని మరిచిపోకుండా ఉండాలంటే ఒక నోటు పుస్తకమో ఎక్సెల్ షీటో నడపాలి: ఏ వస్తువు, ఎంత రిబేటు, ఎప్పుడు పంపింది, ఎప్పుడు రావాలి. దరఖాస్తు ఏ దశలో ఉందో చూసుకునే వెబ్‌సైట్లు తర్వాత వచ్చాయి. అక్కడ తరచు కనిపించే జవాబు బార్‌కోడు జతచేయలేదని. కవరులో పెట్టింది కళ్లారా చూసుకున్నవాడికి అది చదివితే ఒళ్లు మండుతుంది, కానీ అసలు బార్‌కోడు ఇక తన దగ్గర లేదు. ముందే అన్నిటికీ నకళ్లు తీసిపెట్టుకుని, ఫోను చేసి, ఫ్యాక్స్ పంపి పట్టువిడవకుండా అడిగినవాళ్లకు మళ్లీ పరిశీలించి డబ్బు పంపిన సందర్భాలు తక్కువేం కాదు. కంపెనీ మొదటిసారి కాదన్నప్పుడే చాలామంది నీరుగారిపోతారు.

చెక్కు వచ్చినా గండం గడిచినట్టు కాదు. చాలా చెక్కులు కవరు లేకుండా పోస్టుకార్డులా వచ్చేవి. కూపన్లు, పిజ్జా కరపత్రాలతో కలిసిపోయి చెత్తలోకి వెళ్లేవి. కొన్నింటికి తొంభై రోజులే చెల్లుబాటు. తర్వాతి రోజుల్లో చెక్కు స్థానంలో ప్రీపెయిడ్ కార్డు పంపడం మొదలయ్యాక కొత్త తలనొప్పి పుట్టింది. 20 డాలర్ల కార్డుతో 17 డాలర్ల సరుకు కొంటే మిగిలిన మూడు డాలర్లు ఎక్కడా ఖర్చు చెయ్యడం కుదరక, గడువు తీరి కార్డుతోనే ఆవిరైపోయేవి.

ఫారాలు చేరే ఊర్లు

దరఖాస్తు మీద కంపెనీ పేరు ఉన్నా కవరు వెళ్లేది కంపెనీకి కాదు. ఈ పనే వృత్తిగా పెట్టుకున్న సంస్థలు వేరే ఉండేవి. టెక్సాస్‌లో పరాగో, అరిజోనాలో కాంటినెంటల్ ప్రమోషన్ గ్రూప్, మిన్నెసోటాలో యంగ్ అమెరికా కార్పొరేషన్ అందులో పేరుమోసినవి. యంగ్ అమెరికా అన్నది ఊరి పేరు కూడా. 1997లో పక్కనున్న నార్‌వుడ్‌తో కలిసి నార్‌వుడ్ యంగ్ అమెరికా అయింది. నాలుగు వేల లోపు జనాభా ఉన్న ఆ పల్లెకు వచ్చే రిబేటు ఉత్తరాల తాకిడికి ప్రత్యేక పిన్‌కోడ్లు కేటాయించవలసి వచ్చింది. వాటిలో 55555 ఒకటి. ఆ ఊరు ఎక్కడుందో తెలియని కంప్యూటర్ పిచ్చివాళ్లకు కూడా ఆ అయిదు అయిదులు కంఠతా వచ్చు. టెక్సాస్ సరిహద్దు పట్నం ఎల్ పాసో పోస్టుబాక్సులు కూడా అంతే పరిచితం.

దరఖాస్తులు ఎంత తక్కువ తెగితే అంత లాభం ఎవరికి అన్న ప్రశ్న ఈ సంస్థల చుట్టూ ఎప్పుడూ తిరుగుతూ ఉండేది. అసలు దరఖాస్తే రాకపోవడం, వచ్చినా చెల్లకపోవడం, చెల్లి చెక్కు వెళ్లినా బ్యాంకులో వెయ్యకపోవడం, వీటిని వ్యాపారులు బ్రేకేజ్, స్లిప్పేజ్ అంటారు. క్యాష్ చేసుకోని చెక్కుల సొమ్మును యంగ్ అమెరికా తన దగ్గరే అట్టిపెట్టుకుందంటూ అయోవా రాష్ట్రం ముందుండి దావా నడిపింది. అమెరికాలో ఏటా ఇచ్చే రిబేట్లు 40 కోట్లని, వాటి ముఖవిలువ 600 కోట్ల డాలర్లని, అందులో 40 శాతం ఎవరూ తీసుకోరని 2005 చివర్లో బిజినెస్‌వీక్ పత్రిక ఒక అంచనా ప్రచురించింది. అదే ఏడాది టీవీ కార్యక్రమాలు రికార్డు చేసే పెట్టెలు అమ్మే టీవో కంపెనీ, 100 డాలర్ల రిబేటు ఉన్నా కొత్త చందాదారుల్లో దాదాపు సగం మంది దాన్ని అడగలేదని వెల్లడించింది. వంద డాలర్లకే సగం మంది కదలకపోతే, పది డాలర్ల ర్యామ్ రిబేటుకు ఎందరు కదులుతారో ఊహించుకోవచ్చు.

ఇక్కడ ఇంకో సంగతి దాచకుండా చెప్పుకోవాలి. క్రమం తప్పక ఫారాలు పంపేవారికి ఇది నిజంగానే బంగారు కాలం. ఖాళీ సీడీలు, మౌసులు, మోడెములు, కేబుళ్లు పన్ను ఖర్చుతో దొరికేవి. ఆ లాభం కంపెనీ ఔదార్యం వల్ల వచ్చింది కాదు, పక్క ఇంట్లో ఫారం సొరుగులో పడేసి మరిచిపోయినవాడి జేబులోంచి వచ్చింది. అందరూ తుచ తప్పకుండా ఫారాలు పంపితే ఆ ధరలే ఉండవు.

అందరూ పంపితే

అందరూ పంపితే ఏమవుతుందో సైబర్‌రిబేట్ అనే న్యూయార్క్ ఆన్‌లైన్ దుకాణం చేసి చూపించింది. బజారు ధరకు కొన్ని రెట్లు వేసి వస్తువులు అమ్మడం, చాలావాటికి ఆ మొత్తమంతా రిబేటుగా తిప్పి ఇస్తామనడం దాని వ్యాపారం. పదిమందిలో కొందరు మరిచిపోతే చాలు, మిగతావారికి ఉచితంగా ఇచ్చినా గిట్టుతుంది. కానీ అంత పెద్ద సొమ్ము ఇరుక్కున్నప్పుడు జనం మరిచిపోరు. మొదట్లో చెక్కులు సక్రమంగా రావడంతో ధైర్యం చిక్కి, క్రెడిట్ కార్డు మీద ఇంకా పెద్ద కొనుగోళ్లు చేశారు. 2001 మేలో సంస్థ దివాలా రక్షణ కోరింది. కొన్నవారికి కోట్ల డాలర్లు బాకీ పడింది, ఉచితం అనుకున్న సరుకు అసలు ధరకు ఎన్నో రెట్లకు కొన్నట్టయింది.

ప్రభుత్వ జోక్యం

రిబేట్లకంటూ అమెరికా కేంద్ర ప్రభుత్వం ప్రత్యేక నిబంధనావళి చెయ్యలేదు. మోసపూరిత వ్యాపారాన్ని నిషేధించే సాధారణ చట్టం కిందే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసులు నడిపింది. 2000లో ఆఫీస్ డిపో, బై డాట్ కామ్, వాల్యూ అమెరికా సంస్థలతో రాజీ కుదుర్చుకుంది. 400 డాలర్ల రిబేటుతో కంప్యూటర్ దాదాపు ఉచితం అని అవి ప్రకటించాయి. ఆ రిబేటు కోసం మూడేళ్లు ఇంటర్నెట్ చందా కట్టాలన్నది, అది 700 డాలర్లు దాటుతుందన్నది స్పష్టంగా చెప్పలేదు. 2002లో ఫిలిప్స్, 2007లో మదర్‌బోర్డుల కంపెనీ సోయో రిబేట్లు ఆలస్యం చేసినందుకు కమిషన్ ముందుకు వచ్చాయి.

వీటిలో బాగా గుర్తుంచుకోవలసింది 2005 నాటి, కంప్యూటర్ దుకాణాల సంస్థ కంప్‌యూఎస్ఏ కేసు. సీడీ రైటర్లు, డ్రైవులు తయారుచేసే క్యూపీఎస్ కంపెనీ వంద డాలర్ల దాకా రిబేట్లు ప్రకటించి, నెలల తరబడి ఇవ్వక, 2002లో దివాలా తీసింది. రిబేట్లు అందడం లేదని తెలిసీ కంప్‌యూఎస్ఏ అవే రిబేట్లతో ఆ సరుకు ప్రకటిస్తూ పోయిందని కమిషన్ అభియోగం. తయారీదారు ఎగ్గొట్టిన రిబేటును దుకాణమే చెల్లించాలని తేలడంతో, ‘అది కంపెనీ వ్యవహారం, మాకు సంబంధం లేదు’ అనే కౌంటర్ దగ్గరి పాత జవాబుకు కాలం చెల్లింది. 2007 ఏప్రిల్‌లో కమిషన్ శాన్‌ఫ్రాన్సిస్కోలో రిబేట్ల మీదే ఒక సదస్సు పెట్టింది. రాష్ట్రాల్లో కనెక్టికట్, రోడ్ ఐలండ్ ఇంకా సూటిగా వెళ్లాయి: రిబేటు పోగా ధరను ప్రకటించాలంటే దుకాణం ఆ ధరకే కౌంటర్ మీద అమ్మాలి.

అమెరికా తెలుగువారు

రిబేట్లు వెల్లువెత్తిన కాలం, హెచ్-1బీ వీసాల మీద తెలుగు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు పెద్ద ఎత్తున అమెరికా చేరిన కాలం ఒకటే. సన్నీవేల్, ఫ్రీమాంట్, ఇర్వింగ్, ప్లానో లాంటి చోట్ల వాళ్ల అపార్టుమెంట్లు ఫ్రైస్ ఎలక్ట్రానిక్స్ దుకాణాలకు కారులో కాసేపటి దూరం. థాంక్స్‌గివింగ్ మర్నాటి శుక్రవారం తెల్లవారుజామున చలిలో వరస కట్టిన వాళ్లలో తెలుగు మాటలు వినిపించడం వింతేమీ కాదు. అయితే రెండు నిబంధనలు వీళ్లను ప్రత్యేకంగా దెబ్బతీశాయి. రిబేటు ఇంటికి ఒక్కటే అన్నది మొదటిది. నలుగురు స్నేహితులు ఒకే అపార్టుమెంటులో ఉంటూ తలా ఒక హార్డ్ డిస్కు కొంటే మొదటి కవరు చెల్లి, మిగతా మూడూ తిరస్కారానికి గురయ్యేవి. ఇంటి నంబరు ఒకటే అయినా కుటుంబాలు నాలుగని కంపెనీని ఒప్పించడం మాటలు కాదు. రెండోది పన్నెండు వారాల వ్యవధి. ప్రాజెక్టు అయిపోగానే కన్సల్టెంటు న్యూజెర్సీ నుంచి టెక్సాస్‌కో, టెక్సాస్ నుంచి మిషిగన్‌కో మకాం మారుస్తాడు, చెక్కు పాత ఇంటికి వస్తుంది. పోస్టాఫీసులో చిరునామా మార్పు చెప్పినా, పంపినవారికే తిప్పి పంపాలని ముద్ర ఉన్న చెక్కులు కొత్త ఇంటి దాకా వచ్చేవి కావు. రిబేటు ఫారాల మీద ఎక్కడికీ కదలని బావగారి చిరునామా రాయించే పద్ధతి అలా మొదలైంది.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ బజారు లాంటి చోట ఈ పద్ధతి ఎప్పుడూ వేళ్లూనలేదు. అక్కడ తగ్గింపు అంటే బిల్లు వేసే ముందు బేరమాడి తగ్గించుకునేదే. ధర చెప్పించుకుని పక్క షాపుకెళ్లి, తిరిగొచ్చి, ‘చివరి రేటు చెప్పన్నా’ అనేవాడికి పన్నెండు వారాల తర్వాతి చెక్కు ఎర కాదు.

తగ్గుముఖం

వినియోగదారుల విసుగు, కేసులు, పత్రికల విమర్శ కలిసి దుకాణాలను ఆలోచనలో పడేశాయి. స్టేపుల్స్ బార్‌కోడు అక్కర్లేకుండా ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు చేసే పద్ధతి తెచ్చింది. రెండేళ్లలో మెయిల్-ఇన్ రిబేట్లు ఎత్తేస్తామని బెస్ట్ బై 2005లో ప్రకటించింది. ఆఫీస్‌మ్యాక్స్ 2006లో మానేసింది. బదులుగా వచ్చింది కౌంటర్ దగ్గరే తగ్గించే ‘ఇన్‌స్టంట్ రిబేటు’. తర్వాత దుకాణాలే కనుమరుగయ్యాయి. కంప్‌యూఎస్ఏ 2007 చివర్లో దుకాణాల మూసివేత ప్రకటించింది, సర్క్యూట్ సిటీ 2009లో, ఫ్రైస్ 2021 ఫిబ్రవరిలో తలుపులు మూశాయి. ఆన్‌లైన్‌లో న్యూఎగ్ లాంటి చోట్ల గ్రాఫిక్స్ కార్డులు, పవర్ సప్లైల మీద పది, ఇరవై, ముప్పై డాలర్ల రిబేట్లు ఇంకొన్నేళ్లు నడిచాయి, క్రమంగా అవీ పలచబడ్డాయి.

పద్ధతి పూర్తిగా చావలేదు. టైర్లు, కాంటాక్ట్ లెన్సుల వ్యాపారంలో అది మామూలే. మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో ఇల్లు కట్టే సామాను అమ్మే మెనార్డ్స్ 11 శాతం రిబేటు ఇస్తుంది, అదీ నగదుగా కాదు, మళ్లీ అదే దుకాణంలో వాడుకునే చీటీగా. కంప్యూటర్ విడిభాగాల్లో ఇప్పుడు బ్రిటన్, ఆస్ట్రేలియా లాంటి దేశాల్లో క్యాష్‌బ్యాక్ పేరుతో నడిచేవి కనిపిస్తాయి. కత్తెర, స్టాంపు పోయి బిల్లు ఫోటో, సీరియల్ నంబరు ఫోటో అప్‌లోడ్ చేయడం వచ్చింది. గడువు, ఒక ఇంటికి ఒకటే అన్న నియమం, ఇన్ని రోజుల తర్వాతే దరఖాస్తు చెయ్యాలన్న షరతు మాత్రం చాలా పథకాల్లో ఇంకా ఉన్నాయి.